చెత్తపిట్ట కాపలాదారు

ఆరూ నలభై ఒకటి. తల్లి వచ్చింది. ముక్కున పచ్చ పురుగు. అది ఇంకా గిలగిల్లాడుతోంది.

కొంగ ఎడమ మణికట్టు తిప్పి గడియారం చూశాడు. మోకాలి మీది పుస్తకంలో మొదటి గడిలో టైము వేసి, రెండో గడిలో ‘తల్లి’ అనీ, మూడో గడిలో ‘పచ్చ పురుగు, బతికున్నది’ అనీ రాశాడు. తల ఎత్తేసరికి తల్లి లేదు. వాగు మీద వేలాడే గూడు ఒక్కటీ మెల్లగా ఊగుతోంది.

కొంగ అన్న పేరు పరిశోధన కేంద్రంలో వంటామె పెట్టింది. ఇరవయ్యారేళ్ళుగా అడవిలో, వాగు ఒడ్డున, మూడుకాళ్ళ స్టూలు మీద మెడ ముందుకు చాపి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవాణ్ణి కొంగ అనక ఏమంటారు? పొడుగు మనిషి, పుల్లల్లాంటి కాళ్ళు, ముక్కు కూడా పేరుకు తగ్గట్టే ఉంటుంది. మొదట్లో ఉడుక్కునేవాడు. పోనుపోను ఎంత అలవాటైందంటే, హాజరు పట్టీలో ఉన్న సొంత పేరుతో ఎవరైనా పిలిస్తే, ఎవర్ని పిలుస్తున్నారా అని తనే వెనక్కి తిరిగి చూసేవాడు.

ఉద్యోగం పేరు కాపలాదారు. ఇందులో ఒక కిటుకుంది. చదువుకున్నవాడు కుర్చీలో కూర్చుని పిట్టను చూస్తే అది పరిశోధన. చదువులేనివాడు స్టూలు మీద కూర్చుని అదే పిట్టను చూస్తే అది కాపలా. పిట్టకు మాత్రం ఇద్దరూ ఒకటే. ఇద్దర్నీ చూసి ఒకేలా తోక విదిలిస్తుంది.

ఆ పిట్ట ఎంతనీ, బొటనవేలికి రెండింతలు. వీపు ఆకురంగు, పొట్ట పసుపు, కంటి చుట్టూ సున్నంతో గీసినట్టు తెల్లని గీత. తపాలాలో వచ్చే ఉత్తరం దానికన్నా బరువు. శాస్త్రంలో దానికి రైలుబండంత పేరుంది. కేంద్రంలో పనివాళ్ళు చెత్తపిట్ట అంటారు. అది తిట్టు కాదు, మెప్పు. వాగు మీదికి వేలాడే సన్నటి తీగ చివర అది గూడు కడుతుంది. ఎండుటాకులు, నాచు, పీచు, సాలెపురుగు దారాలు అన్నీ కలిపి అల్లి, అడుగున నాలుగు పుల్లలు తోకలా వేలాడదీసి, వరద తీసినప్పుడు తీగకు చిక్కుకున్న చెత్తలా తయారుచేస్తుంది. గుమ్మం కిందివైపు ఉంటుంది. పాము చూసినా చెత్తే అనుకుంటుంది, కోతి చూసినా చెత్తే అనుకుంటుంది. ఈ లోకంలో నలుగురి కళ్ళూ పడకుండా బతకాలంటే పనికిరానిదానిలా కనబడటం కన్నా మంచి దారి లేదు. కొంగకు ఆ పిట్ట నచ్చడానికి అదీ ఒక కారణమేమో.

గూడు కట్టేది ఆడది ఒక్కతే. ఇరవై రోజులు కడుతుంది, రెండు గుడ్లు పెడుతుంది, మరో ఇరవై రోజులు పొదుగుతుంది. మగవాడు వాగు అవతల చిటారుకొమ్మన కూర్చుని పాటలు పాడుకుంటూ ఉంటాడు. పిల్లలు పుట్టినా గుమ్మం తొక్కడు. “అచ్చం మా ఆయనే,” అంటుంది వంటామె. పిల్లలకు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తొంభైసార్లు మేత తేవాలి. ఇరవై రెండో రోజునో ఇరవై మూడో రోజునో, పొద్దుటి పూట, పిల్లలు గూడు వదిలి ఎగిరిపోతాయి.

ఇవాళ ఇరవై మూడో రోజు. కొంగ ఉద్యోగానికి ఇవాళే ఆఖరి రోజు.

అతని కడుపులో ఒక మాట ఇరవయ్యారేళ్ళుగా రాయిలా కూర్చుని ఉంది. ఇన్నేళ్ళలో అతని కళ్ళెదుట అరవయ్యొక్క గూళ్ళ నుంచి నూట పదిహేడు పిల్లలు ఎగిరాయి. ఒక్కదాన్ని కూడా ఎగురుతుండగా అతను చూడలేదు.

ఉద్యోగంలో చేరిన రోజున పాత ప్రొఫెసరు ఒక నియమం పెట్టాడు. పిట్ట వచ్చినా పోయినా ముందు గడియారం, తర్వాత పుస్తకం, ఆ తర్వాతే మిగతా లోకం. టైము నిమిషం తప్పినా ఆ రోజు రాసిందంతా దండగ. కొంగ ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. తల్లి వస్తుంది, అతను తల దించి టైము రాస్తాడు, తల ఎత్తేసరికి గూట్లో ఒక నోరు తగ్గి ఉంటుంది. ‘8.12. పిల్ల ఎగిరింది’ అని రాస్తాడు. అబద్ధం కాదు. పోనీ నిజమా అంటే, అదీ కాదు.

అక్కడితో ఆగినా బాగుండేది. పదేళ్ళ కిందట, ప్రొఫెసరు స్థానంలో ఇప్పుడున్న డాక్టరమ్మ కొత్తగా వచ్చి, ఈ పిట్ట పుట్టుపూర్వోత్తరాల మీద పుస్తకం రాస్తూ, “పిల్లలు మొదటిసారి ఎలా ఎగురుతాయండీ?” అని అడిగింది. చూళ్ళేదు అంటే ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నట్టు? నోటికొచ్చింది అనేశాడు. “బాణంలా అమ్మా. నేరుగా చెట్ల మీదికి.” ఆ మాట పుస్తకంలో అచ్చయింది. ఆవిడ ఆ పేజీ తెరిచి చూపించినప్పుడు అతనికి చెమటలు పట్టాయి. లోకంలో ఎందరో అబద్ధాలాడతారు కానీ, అట్ట వేసి లైబ్రరీల్లో పెట్టిన అబద్ధం అతనిదే.

ఇవాళ తెల్లవారుజామున బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ఉన్నట్టుండి ఇంటావిడతో చెప్పేశాడు. ఆవిడ స్టవ్వు మీద పాలు పెట్టి నిలబడి ఉంది.

“ఒసే, నేను ఎప్పుడూ చూళ్ళేదే.”

“ఏంటి?”

“పిల్లలు ఎగరడం.”

ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. “నాకు తెలుసుగా,” అంది.

“నీకెలా తెలుసు?”

“ఎలా ఎగిరిందండీ అంటే ఒకసారి సర్రుమని అంటారు, ఇంకోసారి ఝుమ్మని అంటారు. పోయినేడు చప్పుడే లేదన్నారు. చూసినవాడు ఒకటే చెప్తాడు.”

కొంగ బూటు తాడు వదిలేశాడు. “మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదూ?”

“ఎందుకడగడం, కథ బాగానే ఉండేదిగా,” అంది. తర్వాత పాల గిన్నె వైపే చూస్తూ అంది. “పాలు ఎప్పుడు పొంగుతాయో తెలుసా? మనం తల తిప్పినప్పుడు. అందుకే నేను తిప్పను. మీరూ తిప్పకండి.”

“టైము రాయాలి కదే.”

“ఒక్కపూట టైము రాయకపోతే పిట్టలు గుడ్లు పెట్టడం మానేస్తాయా?”

పాలు పొంగాయి. ఆవిడ సరిగ్గా అప్పుడే దించింది.

ఎనిమిదింటికి వంటామె ఫ్లాస్కుతో టీ తెచ్చింది. ఆమెకు గొంతు తగ్గించడం రాదు కాబట్టి దూరం నుంచే సైగలు చేసుకుంటూ వచ్చి, స్టూలు పక్కన గొంతుక్కూర్చుంది.

“బాబాయ్, నీకు సాయంత్రం ఏం ఇస్తున్నారో తెలుసా?”

“మెల్లగా మాట్లాడు తల్లీ.”

“గోడ గడియారం. నేను చూశాను. ఇంత ఉంది,” అని చేతులు బార్లా చాపింది.

“ఇరవయ్యారేళ్ళు గడియారం చూసినవాడికి మళ్ళీ గడియారమా?”

“మరి? నువ్వు పోయాక టైము ఏమైపోతుందోనని వాళ్ళ బెంగ.” గూటి వైపు చూసింది. “ఇవాళ ఎగురుతాయా?”

“ఎగరాలి.”

“ఎగరకపోతే రేపు కూడా రా. ఎవరు వద్దంటారు, కొంగను అడవిలోకి రానివ్వకుండా?”

ఆమె వెళ్ళిపోయింది. టీ వేడిగా ఉంది. కొంగ ఒక గుక్క తాగి, కప్పు నేల మీద పెట్టి, మళ్ళీ ముట్టుకోలేదు. పిల్లలు ఎగిరే క్షణాన్ని టీ తాగుతూ ఒకసారి, తుమ్ముతూ ఒకసారి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ రెండుసార్లు పోగొట్టుకున్నాడు. మిగతావన్నీ గడియారమే మింగింది.

తొమ్మిది దాటింది. ఎండ ఆకుల సందుల్లోంచి వాగులోకి చిల్లర చిల్లరగా పడుతోంది. నీళ్ళ మీది వెలుగు గూటి అడుగున ఆడుతోంది. గుమ్మంలోంచి రెండు ముక్కులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. తల్లి ఇరవై నిమిషాలుగా రాలేదు. పిల్లలకు ఆకలి పెంచడానికే కాబోలు, ఆఖరి రోజు తల్లులు ఆలస్యం చేస్తాయని అతని పుస్తకాల్లో ఉన్న టైములే చెబుతాయి.

వచ్చింది. ఎదురుగా ఉన్న రెమ్మ మీద వాలింది. ముక్కున ఏమీ లేదు.

కొంగ ఎడమ చెయ్యి దానంతటదే లేచింది. ఇరవయ్యారేళ్ళ చెయ్యి, యజమాని మాట వినదు. మణికట్టు తిరగబోతుంటే అతను దాన్ని కుడి చేత్తో పట్టుకుని, తొడ కిందికి తోసి, దాని మీద కూర్చున్నాడు. ఊపిరి బిగబట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరిగినా రెప్ప వెయ్యలేదు.

తల్లి పిలిచింది. అన్నం పిలుపు కాదు. పొట్టిగా, కటువుగా, బడికి టైమైందన్నట్టు.

గూట్లోంచి ఒక తల వచ్చింది. తల వెంట మెడ, మెడ వెంట ఒళ్ళు. మొత్తం బయటికొచ్చి, కాళ్ళతో గుమ్మాన్ని పట్టుకుని తలకిందులుగా వేలాడింది. తోక ఇంకా మొలవలేదు, ముల్లంత పొడుచుకొచ్చింది. అలా వేలాడుతూ లోకాన్ని ఒకసారి తల్లకిందులుగా చూసింది. తర్వాత పట్టు వదిలేసింది.

బాణమూ కాదు, ఝుమ్మనడమూ కాదు. రాయిలా పడింది. వాగు మీదికి నిట్టనిలువునా పడింది. కొంగ గుండె దానితోపాటే పడింది. నీళ్ళు ఇంక జానెడు దూరం ఉన్నాయనగా రెక్కలు రెండూ పట్‌మని విచ్చుకున్నాయి. పిల్ల నీళ్ళకు ఆ జానెడు ఎత్తునే, తన నీడ మీదుగా తనే పోతూ, అవతలి గట్టున ఉన్న పొదలోకి దూరింది. తల్లి దాని పక్కనే ఎగిరింది, కొంచెం కిందగా, నీటికీ పిల్లకూ మధ్య.

అందుకా గూడు వాగు మీద కట్టేది. కిందికి పడటానికి ఏ కొమ్మా అడ్డం రాకుండా, రెక్కలు విప్పుకోవడానికి అంత చోటు ఉండేలా. ఇన్నాళ్ళూ పాముల భయమే అనుకున్నాడు. పుస్తకంలోనూ అదే రాశారు.

కొంగ నోరు తెరుచుకునే ఉంది. రెండోది రానంటోంది. తల్లి తిరిగొచ్చి పిలిచింది. పిల్ల తల బయటపెట్టి, కిందికి చూసి, లోపలికి లాక్కుంది. తల్లి తిట్టింది. మళ్ళీ తల బయటికి. మళ్ళీ లోపలికి.

“పోరా నాయనా,” అన్నాడు కొంగ గొంతులోనే. “నేనూ ఇవాళ పోవాల్సినవాణ్ణే.”

అప్పుడు పడింది. మంచిగా వేలాడి దూకడం కాదు, కాలు జారి పడింది. రెక్కలు ఆలస్యంగా విచ్చుకున్నాయి, కడుపు నీళ్ళకు తగిలింది, చిన్న చినుకు చప్పుడయింది. తడి రెక్కలు కొట్టుకుంటూ, అవతలి గట్టు ఎటో ఇవతలి గట్టు ఎటో తెలియక, ఎదురుగా కనబడిన ఒకే ఒక్క మోడు మీదికి వచ్చింది. ఆ మోడు కొంగ. అతని మోకాలి మీద తెరిచి ఉన్న పుస్తకం మీద వాలింది.

బరువే లేదు. కాగితం కొంచెం కూడా కుంగలేదు. తడి ఒళ్ళు గుండెతోపాటు అదురుతోంది. కంటి చుట్టూ తెల్లని గీత ఇంకా రాలేదు. నల్లటి కంట్లో ఒక పొడుగాటి ముసలాయన కనబడుతున్నాడు, చెయ్యి కింద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అది అతన్ని చూసింది, అతను దాన్ని చూశాడు. ఇద్దరికీ ఇది మొదటిసారే. తల్లి అవతలి గట్టునుంచి పిలిచింది. పిల్ల కాస్త కుంగి, తోక ఎత్తి, చెయ్యాల్సింది చేసి, లేచిపోయింది. ఈసారి రెక్కలు సరిగ్గా పనిచేశాయి.

కొంగకు నవ్వొచ్చింది. అడవిలో ఇరవయ్యారేళ్ళలో బయటికి నవ్వడం అదే మొదలు. వాగు అవతల పాడుతున్న మగవాడు ఒక్క క్షణం పాట ఆపాడు.

రబ్బరు బూట్లతో నీళ్ళు తొక్కుకుంటూ డాక్టరమ్మ వచ్చేసరికి అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నిద్రపోయిన ఎడమ చేతిని విదిలించుకుంటున్నాడు.

“వెళ్ళిపోయాయాండీ?”

“వెళ్ళిపోయాయమ్మా.”

“ఎన్నింటికి?”

“తెలీదమ్మా. గడియారం చూళ్ళేదు.”

ఆవిడ తలకట్టు సర్దుకుంటూ ఆగిపోయింది. ఎండదెబ్బ తగిలిందా అన్నట్టు అతని ముఖంలోకి చూసింది. కొంగ స్టూలు మీంచి లేచి, పుస్తకం దాని మీదే పెట్టి నిలబడ్డాడు, లేచినప్పుడల్లా చప్పుడు చేసే మోకాళ్ళు చప్పుడు చేశాయి. “ఇంకో మాట కూడా ఉందమ్మా. మీ పుస్తకంలో బాణంలా అని ఉంటుంది చూడండి. అది తప్పు. నేనే చెప్పాను, చూడకుండా చెప్పాను. ఎప్పుడూ చూళ్ళేదు. ఇవాళే చూశాను.”

తిడుతుందనుకున్నాడు. ఆవిడ అవతలి గట్టు వైపు చూసింది.

“ఆ వాక్యం తీసుకుని ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు వాళ్ళ పుస్తకాల్లో కూడా వేసుకున్నారండీ,” అంది.

“అయ్యో.”

“వాళ్ళూ చూళ్ళేదన్నమాట.” ఆవిడ పెదవి బిగించింది కానీ నవ్వు ఆగలేదు. “నేను మాత్రం చూశానా? మీ టైములు చదువుకుని, చూసినట్టు రాశాను. కూర్చోండి. ఎలా ఎగిరాయో చెప్పండి.”

స్టూలు ఒకటే ఉంది. ఇద్దరూ దాన్ని వదిలేసి వాగు ఒడ్డున రాళ్ళ మీద కూర్చున్నారు. కొంగ అరచెయ్యి తిరగేసి వేళ్ళతో వేలాడదీశాడు, వదిలేశాడు, నీటి దాకా తెచ్చి విప్పాడు. “ఇలాగమ్మా.” ఆవిడ తన చేత్తో చేసి చూసింది. “ఇలాగా?” “కాదమ్మా, అంత తొందరగా విప్పితే కాదు. భయం వెయ్యాలి. మీక్కాదు, చూసేవాడికి.” ఆవిడ మళ్ళీ చేసింది. చెయ్యి వాగులో మునిగి మోచేతి దాకా తడిసింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. పదేళ్ళలో వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

“ఇక మీరు ఇంటికి పొండి. సాయంత్రం ఎలాగూ వస్తారుగా,” అంది ఆవిడ. “ఇవాళ పని అయిపోయింది.”

నిజమే. ఖాళీ గూటికి కాపలా అక్కర్లేదు. ఇంకా పది కూడా కాలేదు. పట్టపగలు ఇంటికి పోవడం అతనికి కొత్త. ఇంటావిడ తలుపు తీయగానే ఏం చెప్పాలో దారంతా ఏరుకోవాల్సిన పనే లేదు. ఈసారి కథ ఒకటే. వాగు దాటి, తడి బూట్లతో, చేతులు ఊపుకుంటూ, కొంగలా కాక మామూలు మనిషిలా పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

డాక్టరమ్మ లేచి వచ్చి చూసేసరికి స్టూలు మీద పుస్తకం తెరిచే ఉంది. ఆఖరి వరసలో అక్షరం ముక్క లేదు. టైము రాసే గడిలో మాత్రం, మధ్యలో నల్లటి చుక్కతో, మినపగింజంత తెల్లటి రెట్ట ఇంకా ఆరలేదు.