ఇద్దరు పట్టే రంపం

మర్నాడు పొద్దున కోతాయన గొంతుకి ఆపరేషన్. లోపలి పుండు ముదిరింది, తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదు, మాట మాత్రం ఇక రాదు అన్నాడు డాక్టరు. కూతురు బావురుమంది. భార్య మాత్రం, "ఉన్నన్నాళ్ళూ ఏం వాడాడు గనక!" అని మొహం అటు తిప్పుకుంది.

నిజమే. ఆయన నోట మాట రావాలంటే తుప్పుపట్టిన మేకు పీకినంత పని. దుంగలు కోస్తూనే జుట్టు నెరిసింది గనక వీధివాళ్ళు కోతాయన అన్నారు గానీ, ఒక్కనాడూ కోతలు కోసిన పాపాన పోలేదు.

సాయంత్రం కూతురు ఫోను తెచ్చి ఆయన మూతి దగ్గర పెట్టింది.

"ఏదో ఒకటి మాట్లాడు నాన్నా. దాచుకుంటాను."

"ఏముందే?"

"ఏదైనా సరే."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "అన్నం తిన్నావా?"

"అంతేనా?"

"తినకపోతే తిను."

నవ్వబోయి ఏడ్చింది పిల్ల.

ఆయన కడుపులో ఒక మాట ఉంది. అది పెళ్ళాంతో చెప్పాలి. ఇవాళ చెప్పకపోతే ఇక లేదు. పొద్దుట్నుంచీ అది గొంతుదాకా వస్తోంది, అక్కడి పుండుని చూసి జడిసినట్టు వెనక్కి పోతోంది.

"ఏమయ్యా!" షెడ్డులోంచి ఆవిడ కేక. "ఈ దుంగ సగంలో వదిలేశావు. రా, కానిద్దాం."

వెళ్ళేసరికి పెద్ద రంపం దించి, అవతలి పిడి పట్టుకుని నిలబడి ఉంది. ఆ పిడి ఎప్పుడూ ఆవిడదే. పెళ్ళైన కొత్తలో రెండో మనిషి దొరక్క పట్టించాడు. సాయం చేద్దామని ఆవిడ బలంకొద్దీ నెట్టింది. రేకు వంగి దుంగలో ఇరుక్కుంది.

"నెట్టకు. నీ వంతుకి లాగు. నా వంతుకి వదులు," అన్నాడప్పుడు. ఆవిడతో ఆయన అన్న మాటల్లో అదే పొడుగైంది.

ఇల్లూ, కూతురి చదువూ, పెళ్ళీ ఆ రంపపు పొట్టులోంచే లేచాయి. ఆయన కోపంతో ఊగిపోయిన రోజుల్లో ఆవిడ ఎదురు నెట్టలేదు. మొదటి బిడ్డ దక్కక ఆవిడ మంచం దిగని రోజుల్లో, ఆయన లెమ్మనలేదు. పాలు కాచి పక్కన పెట్టి వచ్చేవాడు, అంతే.

రంపం కదిలింది. ఆయన మనసు మాటమీదుంది. చెయ్యి తెలియకుండానే ముందుకి నెట్టింది. రేకు కిర్రుమని బిగుసుకుంది.

"నెట్టకయ్యా," అంది ఆవిడ మెల్లగా.

ఆయన పిడి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"నువ్వు వదలబట్టే నేను లాగగలిగానే," అన్నాడు. "ఇన్నేళ్ళూ. నా బతుక్కి ఏ లోటూ లేదు."

ఆవిడ రేకుమీది పొట్టు వేలితో తుడిచింది.

"చీకటిపడే వేళకా గుర్తొచ్చింది ఈ మాట! పట్టు."

రంపం మళ్ళీ కదిలింది, దుంగ రెండు ముక్కలై కిందపడేదాకా ఆగలేదు.

పొద్దున ఆపరేషన్ గది గుమ్మం దగ్గర నర్సు ఆవిణ్ణి ఆగమంది. చక్రాల మంచంమీద ఆయన మాత్రం ఆవిడ చెయ్యి వదలడు.

"ఇప్పుడు వదలడం నా వంతు," అంది ఆవిడ వంగి, ఆయన వేళ్ళు ఒక్కొక్కటే సడలిస్తూ. "నువ్వు లాగు."

ఆయనకింకా గొంతుంది. అయినా ఏమీ అనలేదు. తలూపి కళ్ళు మూసుకున్నాడు.