పెదాలు కలిసేచోట

పరభాషా సినిమాలకు తెలుగు మాటలు రాయడం నా పని. తెర మీద నటి పెదాలు ఎక్కడ కలిస్తే అక్కడ ప, బ, మల్లో ఏదో ఒకటి పడాలి. పడకపోతే మాట ఒకచోట, మూతి ఒకచోట. పదేళ్ళపాటు కార్టూన్ ఎలుకల చేత మాట్లాడించాక, ఇన్నాళ్ళకు నాకో పెద్ద సినిమా దక్కింది.

మా ఇంట్లో టీవీ ఒక్కటే. ఆరు నుంచి ఏడు దాకా మామయ్య రాజకీయ చర్చ, ఆ తర్వాత నా సినిమా. మామయ్యకు, అంటే మావారి నాన్నగారికి, బొత్తిగా వినపడదు. మిషను పెట్టుకోమంటే "నేనేమన్నా చెవిటివాణ్ణా?" అని కోప్పడతారు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టేస్తారు. ఓటు దగ్గర ఆయనదో దారి, నాదో దారి. దేశం పాడైపోయింది నాలాంటివాళ్ళ వల్లేనని ఆయన గట్టి నమ్మకం. అయినా చర్చ వేళకు ఇద్దరం ఒకే సోఫాలో కూర్చుంటాం.

"'మేము' అంటే పెదాలు రెండుసార్లు కలుస్తాయి మామయ్యా. 'నేను' అంటే ఒక్కసారీ కలవవు. మీ నాయకుడివి గంట నుంచీ కలిశాయా?" అన్నాను ఒకరోజు.

"మీవాడివి మాత్రం కలిశాయా?" అన్నారాయన తడుముకోకుండా.

నిజమే, అవీ కలవలేదు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. రోజు మొత్తంలో ఆ గంటే నాకు ఇష్టం.

చిక్కంతా సినిమాలో ఒక్క డైలాగు దగ్గర వచ్చింది. భోజనాల బల్ల దగ్గర, చుట్టాల ముందు, భర్త భార్యను చెంప మీద లాగి కొడతాడు. ఆమె కళ్ళెత్తి రెండే రెండు మాటలంటుంది. అసలు భాషలో వాటి అర్థం 'నాదే తప్పు'. నేను 'మీదే తప్పు' అని రాశాను.

డబ్బింగ్ డైరెక్టర్ పరుగున ఇంటికొచ్చాడు.

"రేపు రికార్డింగ్ పెట్టుకుని ఇదేంటండీ? అర్థమే తిరగబడింది!"

"మొదటి అక్షరానికే ఆవిడ పెదాలు కలిశాయి సార్. 'నాదే' అంటే కలవవు. 'మీదే' అంటే అతికినట్టు సరిపోతుంది."

"పెదాల సంగతి సరే. మీరు మార్చకపోతే మిగతా సినిమా ఇంకొకరి చేత రాయించమన్నారు ప్రొడ్యూసర్ గారు."

మళ్ళీ ఎలుకల దగ్గరికి పోవడం నాకిష్టం లేదు. కానీ కలం కదలలేదు. చిన్నప్పటి నుంచీ సినిమాల్లో దెబ్బ తిన్న ఆడదే క్షమాపణ అడగడం చూసి చూసి విసిగిపోయాను. నా చేత్తో ఇంకొకామె చేత అడిగించలేకపోయాను.

డైరెక్టర్ చూపు మూలన పేపర్లో తలదూర్చిన మామయ్య మీద పడింది. మా గొడవ ఒక్క ముక్క కూడా ఆయనకు వినపడలేదు.

"మీ మామగారు పెదాలు చదువుతారన్నారుగా? ఆయన్నే అడుగుదాం. 'నాదే' అన్నారంటే మీరు మార్చేయాలి. 'మీదే' అన్నారంటే ప్రొడ్యూసర్ గారికి నేను సర్దిచెప్తాను."

నేను గతుక్కుమన్నాను. ఇంటి గుట్టు కోసం ఆడది సర్దుకుపోవాలనే పక్షం మామయ్యది. వద్దంటే ఓడినట్టే, కాబట్టి సరేనన్నాను.

సౌండ్ తీసేసి సీను వేసి, ఆమె ఏమంటోందో చెప్పమన్నాం. మామయ్య కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగారు.

"'మీదే తప్పు' అంటోంది," అన్నారు.

డైరెక్టర్ ఆయన ఎదురుగా వచ్చి, నోరంతా తెరిచి, "సరిగ్గా చూడండి పెద్దాయనా!" అంటూ మళ్ళీ వేశాడు.

"ఎన్నిసార్లు వేసినా అదే. నలుగురి ముందు మొగుణ్ణి అలా అనడం నాకు నచ్చలేదయ్యా. కానీ ఆ పిల్ల అంది కదా! మనకు నచ్చలేదని ఒకరి నోట్లో మాట మార్చేస్తామా?"

డైరెక్టర్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఆ గదిలో ఆ పని చేసింది నేనొక్కదాన్నే. సిగ్గేసింది. సిగ్గుకంటే సంతోషమే ఎక్కువేసింది, అబద్ధమెందుకు. డైరెక్టర్ నవ్వు ఆపుకుంటూ నా కాగితం మీద టిక్కు పెట్టాడు.

"ఏమ్మా, మాట్లాడవేం? అలా మార్చొచ్చా?" అన్నారు మామయ్య.

ఆయన కళ్ళు నా మూతి మీదే ఉన్నాయి.

"తప్పు మామయ్యా," అన్నాను, పెదాలు బాగా కలిపి.