తగిలించిన జవాబు

అయినా కంప్యూటర్లో నడుస్తున్న ప్రోగ్రాముకి ఆపకుండా కొత్త గుణం ఎలా తగిలిస్తారే అని నేనడిగినప్పుడు అమ్మాయి నవ్వి, నడుస్తున్న సైకిల్‌కి గంట బిగించడం లాంటిదేనమ్మా, దిగక్కర్లేదు అంది, దిగకుండా బిగిస్తే వేళ్ళు చక్రంలో పడవూ అని నేను, పడతాయి, అందుకేగా మాకు జీతాలు అని అది, ఇప్పుడు దాని కుర్చీలో, దాని కంప్యూటర్ ముందు కూర్చుని ఆ మాటలే తలుచుకుంటున్నాను, మందుల షాపు దాకా వెళ్ళొస్తానని అది బయల్దేరి పావుగంట కూడా కాలేదు, తలుపు మూసుకున్న చప్పుడికి ఎప్పటిలాగే నా గుండె ఒక్కసారి జారింది, ఎవరు గడప దాటినా నాకంతే, బస్సు కిటికీలోంచి లోపలికి తీసుకున్న మా అక్క చెయ్యి, ఆసుపత్రి మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ వస్తానక్కా అన్న తమ్ముడి గొంతు, వెళ్ళినవాళ్ళందరి వీపులూ నాకు గుర్తే, ముఖాలే చెరిగిపోతున్నాయి.

మా ఆయన వీపు మాత్రం చూడలేదు, ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు, పక్కగదిలో మంచం మీదే, పట్టపగలు మూడు గంటలకి, మణికట్టుకి అమ్మాయి కట్టిన పట్టీ ఉండగానే పోయారు, ఆ పట్టీ గుండె ఎలా కొట్టుకుంటోందో, మనిషి కదులుతున్నాడో లేదో చూస్తుంటుంది, చెప్పుల అలమర మీది చిన్న పెట్టె నిమిషానికోసారి ఎలా ఉన్నారని దాన్ని అడుగుతుంది, తేడా వస్తే ఇల్లంతా మోగిస్తుంది, ఆయన దానికి అత్తగారని పేరు పెట్టారు, మా అమ్మ పోయినా నీకు ఆరళ్ళు తప్పలేదే అని నవ్వేవారు, ఆ అత్తగారు ఆ ఒక్కరోజు నోరు మెదపలేదు, ఎందుకు మోగలేదే అంటే, యంత్రం కదమ్మా అని ఊరుకుంది అమ్మాయి, ఆ ఊరుకోవడం నాకు నచ్చలేదు, అయిదో తరగతితో బడి మానేసి, ఆ తర్వాత పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకున్నదాన్ని, దాని అలమరలోని లావుపాటి పుస్తకాలు ఒక్కొక్కటే దించి, అర్థంకాని చోట వేలు పెట్టి దాన్నే అడుగుతూ నాలుగేళ్ళు చదివాను, ఎవరిదో ఒక చెయ్యి తప్పు చేసి ఉంటుంది, అది ఎవరి చెయ్యో తెలుసుకోకుండా నేను పోకూడదు.

చదివితే తెలిసింది, ఆ పెట్టెని నడిపే ప్రోగ్రాములో ముందు ఒక అచ్చు ఉంటుంది, ఆ అచ్చులోంచి తీసిన బొమ్మ ఆయన, ఇంకో బొమ్మ నేను, నా చేతికీ అలాంటి పట్టీ ఉంది, ఎలా ఉన్నావంటే గుండె లెక్క చూసి చెప్పడం అచ్చు నేర్పిన పని, కానీ అంతా నడుస్తుండగానే ఒక్క బొమ్మకి మాత్రం కొత్త గుణం తగిలించవచ్చు, కొత్త పని నేర్పవచ్చు, పక్క బొమ్మకి తెలియదు, అచ్చుకీ తెలియదు, నాకు భయం వేసిందెక్కడంటే, అచ్చు నేర్పిన పని పేరే పెట్టి ఇంకో పని తగిలిస్తే ఆ బొమ్మ ఇక అచ్చు దాకా వెళ్ళదు, పైన తగిలించిందే చేస్తుంది, ఇదేం అన్యాయమే, వద్దనదా అంటే, వద్దనడం దానికి ఎవరూ నేర్పలేదమ్మా అంది అమ్మాయి, తెర మీంచి కళ్ళు తీయకుండా.

ఇప్పుడా తెర మీద ఉన్నది ఒక పట్టిక, ఎవరికి ఏది తగిలించారో, ఏ రోజు, ఏ గంటకి, ఎందుకు, అన్నిటికంటే కింద నిన్నటిది, నాదే, పుస్తకం పట్టుకుని గంటసేపు కదలకపోతే పడిపోయాననుకుని పెట్టె మోగుతోందని, ఇది నన్ను చదవనివ్వదే, దీని నోరు నొక్కు అని నేనే విసుక్కున్నాను, సరే అంది, ఇంకో మాట లేకుండా టైపు కొట్టింది, ఇదిగో, అమ్మ అనే బొమ్మకి, ఎలా ఉన్నావని అడిగితే, ఏ లెక్కా చూడకుండా, బాగున్నాను, అంటే నిన్నటినుంచి నేను బాగున్నాను, ఈ కుర్చీలోంచి జారి నేల మీద పడినా బాగున్నాను, పట్టిక పైకి జరిపాను, ఇంకా పైకి, నాలుగేళ్ళ కిందటి తేదీ, అది ఏ రోజో నాకు ఒకరు చెప్పక్కర్లేదు, నాన్న అనే బొమ్మకి, ఉదయం పదకొండున్నరకి, బాగున్నాను.

అయితే ఇదా ఆ చెయ్యి, నేను అన్నం ముద్దలు పెట్టి పెంచిన చెయ్యి, రానీ, గడపలోనే నిలబెట్టి అడుగుతాను, యంత్రం కదమ్మా అంటావుటే, యంత్రానికి ఆ మాట నేర్పిందెవరే అని కడిగేస్తాను, అనుకుంటుండగానే వరస చివర, ఎందుకు అనే గడిలో రెండే మాటలు, అమ్మ అడిగింది.

నేనా, నేనెప్పుడు అడిగాను, అవును, ఆ రోజు అడిగాను, మూడు రోజులుగా కన్ను మూయని మనిషికి అప్పుడే కునుకు పట్టింది, పెట్టె మోగి మోగి లేపేస్తోంది, వంటింట్లోంచి తడి చేతులతో వచ్చి, ఆపవే తల్లీ, మనిషిని పడుకోనివ్వదు అన్నాను, ఊరికే మోగట్లేదమ్మా, లెక్క తేడాగా ఉంది, డాక్టర్ని పిలుద్దాం అంది, పిలుద్దువుగానిలే, ముందు దాన్ని ఆపు అన్నాను, గొంతు పెంచాను కూడా, ఆపింది, నేను దుప్పటి సర్ది, పడుకోండి, ఇక మోగదు అని ఆయన చెవిలో చెప్పాను, ఆయనతో నా ఆఖరి మాట అదే, ఆ మాటని నాలుగేళ్ళుగా రోజూ తలుచుకుని ఏడ్చాను, ఎందుకు మోగదో మాత్రం ఒక్కసారీ తలుచుకోలేదు.

కిందికి వచ్చి నా వరస మళ్ళీ చూశాను, అక్కడా అవే రెండు మాటలు, ఆ రోజు వాదించింది, నిన్న వాదించలేదు, మంచినీళ్ళకి లేచినా తెరకి తాళం వేసి లేచే పిల్ల ఇవాళ పట్టిక విప్పి, అచ్చంగా నా వరస కనిపించేలా పెట్టి వెళ్ళింది, మెట్ల మీద అడుగులు వినిపిస్తున్నాయి, దాని నడకే, ఒక్కో మెట్టూ ఎక్కి మా తలుపు దాకా వచ్చాయి, ఆగాయి, తాళంచెవి తిరగలేదు, గంట కొట్టలేదు, అమ్మా అని పిలవలేదు, అది పట్టికని మరిచిపోయి తెరిచి వెళ్ళలేదు, తన నోటితో అనలేనిది నేను చదవడం పూర్తయ్యేదాకా తలుపు అవతల నిలబడి ఉంది.