చూసింది పైకి చెప్పాలి

ఎర్ర సిగ్నల్ చూసుకోకుండా కూడలి దాటినందుకు నన్ను డ్రైవింగ్ దిద్దుబాటు క్లాసుకి రమ్మన్నారు. తప్పు నాదే, కాదనను. పరీక్షలో తప్పితే లైసెన్సు పోతుంది. అది పోతే మా లాండ్రీ వ్యాను మావాడి చేతికి పోతుంది. "అరవై దాటాయి, ఇక చాల్లే అమ్మా" అని వాడిది రోజూ ఒకటే పాట. హోటళ్ల దుప్పట్లు తిప్పి తిప్పి ఆ లాండ్రీని నిలబెట్టిందే నేను!

క్లాసులో నేను తప్ప అందరూ మగవాళ్లే, ఎక్కువమంది కుర్రకారు.

"మామ్మగారూ, దారి తప్పి వచ్చారా?" అన్నాడొకడు.

"దారి తప్పితే నిన్ను మాత్రం అడగనులే నాయనా, నువ్వూ ఇక్కడే తేలావుగా" అన్నాను. గదంతా గొల్లున నవ్వింది.

చివరి పరీక్ష వింతగా ఉంది. బండి నడుపుతూ, కంటపడినదల్లా పైకి చెప్పాలట. పక్కన మాస్టారు, వెనక సీట్లో ఇద్దరు కుర్రాళ్లు. వాళ్లు తమ వంతులో స్టీరింగు బాగానే తిప్పారు గానీ, "కారు... ఇంకో కారు..." అంటూ నీళ్లు నమిలారు.

నా వంతొచ్చింది. మా ఆయన బతికున్నన్నాళ్లూ, ఆయన బండి నడుపుతుంటే పక్కన కూర్చుని, "అదిగో లారీ, ఇదిగో గుంత" అని అరిచి తిట్లు తిన్న నోరిది. ఊరుకుంటుందా!

"ఆ ఆగిన కారులో మనిషి కదులుతున్నాడు, తలుపు తీస్తాడేమో, కాస్త జరుగుతున్నా. ఆ పిల్ల ఫోనులో మునిగిపోయింది, చూడకుండా రోడ్డు మీదికి వచ్చేస్తుంది, బ్రేకు మీద కాలు పెట్టా..."

ఆ పిల్ల వచ్చేసింది. బండి మెత్తగా ఆగింది.

"క్లాసుకి మీరే ఫస్టు" అంటూ మాస్టారు కాగితం ఇచ్చారు. గర్వంతో నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఆయన మాత్రం నవ్వలేదు.

"ఈ కుర్రాళ్లు పాసై కూడా మళ్లీ నా దగ్గరికే వస్తారు. మీ వయసు ఆడవాళ్లు రారమ్మా."

"బాగుపడ్డారన్నమాట!"

"కాదు. ఇంట్లోవాళ్లు మళ్లీ బండి ముట్టనివ్వరు."

బయట మావాడు వ్యానులో డ్రైవరు సీట్లోనే కూర్చుని ఉన్నాడు. కాగితం చూసి మురిసిపోయాడు.

"శభాషమ్మా! ఇక గౌరవంగా మానెయ్యొచ్చు. ఎక్కు, పోదాం."

గౌరవమట! ఒళ్లు మండిపోయింది.

"దిగరా."

"అది కాదమ్మా..."

"పాసైంది మానెయ్యడానికా? దిగు."

దిగి, బండి చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. నేనెక్కి అద్దం సరిచేసుకుని, బండి తీశాను. గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న మాస్టారి ముందు కిటికీ దించాను.

"మాస్టారూ, నేనూ మళ్లీ రాను. బండి మాత్రం మాననండోయ్!"