పెద్దాయన వచ్చేదాకా ఆగిన ఫ్యాను

గోపాలకృష్ణయ్య పొద్దున మిల్లుకి పోయేటప్పుడు నల్లగా ఉంటాడు, సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు తెల్లగా ఉంటాడు. మధ్యలో జరిగేదాన్ని ఉద్యోగం అంటారు.

నరసరావుపేటలో, వినుకొండ రోడ్డు మీద ఉన్న జిన్నింగు మిల్లులో ఆయన షెడ్డు సూపర్వైజరు. జిన్నింగంటే పత్తిలోంచి గింజని విడదియ్యటం. గింజ ఒక పక్కకి పోయిద్ది, దూది ఇంకో పక్కకి పోయిద్ది, మిగిలిన నుసి గోపాలకృష్ణయ్యలోకి పోయిద్ది. పత్తి సీజనంతా దగ్గుతాడు. సీజను అయిపోయినాక, అలవాటు తప్పకుండా, ఇంకొంత దగ్గుతాడు.

దగ్గుతో ఆయన భార్య రామలక్ష్మికి పెద్ద పేచీ లేదు. పేచీ అల్లా దూదితో. మావారు ఆఫీసులో పని చేస్తారని ఆమె వీధిలో ఎప్పుడో చెప్పేసింది. అందుకని ఆయన రోజూ సందు మొదట్లో సైకిలు దిగి, ఒళ్ళు దులుపుకుని, అప్పుడు ఇంటికి రావాలి. ఒకనాడు దులుపుకోటం కుదరక అట్టాగే వచ్చేశాడు. ఎదురింటి పార్వతమ్మ చూడనే చూసింది.

"ఏంది వదినా, అన్నయ్యగారి తల ఒక్కసారే నెరిసిపోయిందీ?"

"ఇన్స్పెక్షనుకి పోయొచ్చారు వదినా," అంది రామలక్ష్మి.

అట్టాంటి రోజుల్లో మిల్లు ఆఫీసులో గుమాస్తా రిటైరయ్యాడు. ఆయన కుర్చీ ఖాళీ అయ్యింది. గుండ్రంగా తిరిగే కుర్చీ. పైన సీలింగు ఫ్యాను. ఎదురుగా గాజు కిటికీ. అందులోంచి షెడ్డంతా కనపడిద్ది, కానీ పీల్చక్కర్లా. గోపాలకృష్ణయ్య ఆ సంగతి ఇంట్లో చెప్పిన రోజే రామలక్ష్మి ఆ కుర్చీ కొలత అడిగింది. వారం తిరక్కముందే పువ్వుల గుడ్డతో ఒక దిండు కుట్టింది. లోపల మిల్లు దూదే.

కుర్చీ ఇవ్వాల్సింది అల్లుడుగారు. ఓనరు వెంకట్రామయ్యగారు, అందరూ పెద్దాయన అనే మనిషి, నాదెండ్ల దగ్గర సొంతూళ్ళో రాజకీయాల్లో ఉంటాడు. మిల్లుని కూతురితో పాటు అల్లుడికి అప్పజెప్పాడు. పేరుంది గానీ మిల్లులో అందరూ ఆయన్ని అల్లుడుగారనే అంటారు. ఆ అల్లుడుగారు అప్పుడే హైదరాబాదులో ఏదో ట్రైనింగుకి పోయి, ఒక ప్లాస్టిక్కు ఫైలూ, కొత్తరకం మాటలూ తెచ్చుకున్నాడు.

"దుమ్ముకి తట్టుకోలేకపోతున్నా సార్. ఆ గుమాస్తా సీటు..." అని గోపాలకృష్ణయ్య నసిగాడు.

"అడిగితే ఇచ్చే రోజులు పోయినయ్యండీ," అన్నాడు అల్లుడుగారు. "మనం క్వాలిటీ సర్కిలు పెడుతున్నాం. లీడరు మీరే. ఒక మంచి ఇంప్రూవుమెంటు చేసి మామయ్యగారికి చూపించండి. ఆయన సరే అన్నారా, ఆ కుర్చీ మీదే."

శనివారం భోజనాలయినాక షెడ్డులో సర్కిలు కూర్చుంది. గుండ్రంగానే కూర్చుంది, లేకపోతే అల్లుడుగారు ఊరుకోడు. జిన్నుల్లో పత్తి పోసే ఆడవాళ్ళు నేల మీద, మెకానిక్కు మహమూదు టూల్ బాక్సు మీద, గోపాలకృష్ణయ్య స్టూలు మీద.

"ఇక్కడ ఓనరు లేడు, కూలీ లేడు, అందరం సమానం," అన్నాడు అల్లుడుగారు కుర్చీలోంచి. "ప్రేమమ్మా, మాట్లాడేటప్పుడు లేచి నిలబడు."

ఆడవాళ్ళ తరఫున ఎప్పుడూ మాట్లాడే ప్రేమమ్మ లేచింది.

"జపానులో కార్మికుడు రోజుకో చిన్న మార్పు చేస్తాడు. అట్టా చేసుకుంటా వాళ్ళు చానా దూరం పోయారు," అన్నాడు అల్లుడుగారు.

"పాపం," అంది ప్రేమమ్మ.

"ఇంకోటి. తప్పు ఎప్పుడూ మనిషిది కాదు, పద్ధతిది. మనిషిని అనగూడదు. మీ సమస్య ఏందో చెప్పు."

"మంచినీళ్ళ కుండ ఎండలో ఉందయ్యా. నీళ్ళు కాగిపోతన్నయ్."

అల్లుడుగారు ఫైలు తెరిచి, పెన్ను మూత తీసి, తలెత్తేలోపల మహమూదు లేచిపోయి కుండని నీడలో పెట్టొచ్చాడు. అల్లుడుగారి మొహం మాడిపోయింది.

"అప్పుడే మార్చేశావా? ముందు సమస్యని గుర్తించాలయ్యా! కారణాలు వెతకాలి, చార్టు గియ్యాలి, ఫొటో తియ్యాలి. ఆ తర్వాత గదా మార్చేది!"

కుండ మళ్ళీ ఎండలోకి పోయింది. చార్టు గీశారు. కుండ ఎండలో ఉండటానికి చానా కారణాలు దొరికినయ్. ఫొటోగ్రాఫరు వచ్చేదాకా అందరూ వేన్నీళ్ళు తాగారు.

ఆ పద్ధతి గోపాలకృష్ణయ్యకి బాగా తలకెక్కింది. అందుకే తర్వాతి వారం షెడ్డు గోడకున్న పెద్ద ఫ్యాను ఆగిపోయినప్పుడు ఆయన మిగతా వాళ్ళలాగా తిట్టుకోలేదు. లోపలి దుమ్మంతా బయటికి లాగే ఫ్యాను అదొక్కటే. బెల్టు తెగింది. మహమూదు స్టోర్లోంచి కొత్త బెల్టు తెచ్చి, భుజాన వేసుకుని, అప్పటికే నిచ్చెన సగం ఎక్కాడు.

"దిగు," అన్నాడు గోపాలకృష్ణయ్య.

"పది నిమిషాల పని సారూ."

"అందుకే దిగమంటున్నా. ఇంత చక్కటి సమస్య మళ్ళీ దొరకదు. ఇది ప్రాజెక్టు."

మహమూదు నిచ్చెన మీదే ఆలోచించాడు. "అంటే, చెడిపోయినట్టే ఉంచాలా?"

"జాగ్రత్తగా ఉంచాలి."

అల్లుడుగారికి చెప్తే ఆయన లేచి చెయ్యి కలిపాడు. "మామయ్యగారు ఆదివారం వస్తన్నారు. ఆయన కళ్ళ ముందు బెల్టెయ్యాలి, ఆయన కళ్ళ ముందు దుమ్ము పోవాలి. మీరిక ఆఫీసులో ఉన్నట్టే అనుకోండి."

ఆదివారమే గదా అనుకుని గోపాలకృష్ణయ్య మూతికి తువ్వాలు కట్టుకున్నాడు.

ఆ ఆదివారం పెద్దాయన రాలా. మండలాల ఎన్నికలు పడ్డయ్. నామినేషన్లు అయినాక వస్తానన్నాడు. అవి అయినయ్, ప్రచారం అయినాక అన్నాడు. జీపులు తిరుగుతున్నయ్, మైకులు అరుస్తున్నయ్, ఫ్యాను మాత్రం నిలబడే ఉంది. అదీ ఏదో పార్టీ తరఫున నిలబడ్డట్టే ఉంది.

షెడ్డులో ఈ చివర నుంచుంటే ఆ చివర కనపడటం మానేసింది. ఎవరు ఎక్కడున్నారో దగ్గుని బట్టి చెప్పాల్సిందే. మహమూదు ఆ ఫ్యాను వంక చూడలేక టీకి పోవాలన్నా షెడ్డు చుట్టూ తిరిగి పోతున్నాడు. బెల్టుని ఇంకెవరన్నా వేసేస్తారేమోనని ఇంటికి పట్టుకుపోయాడు. పండుకునేటప్పుడు తల దగ్గర పెట్టుకుంటున్నాడని వాళ్ళావిడ గొడవ.

"సారూ, చెయ్యి ఊరుకోటల్లేదు," అన్నాడు ఒకరోజు. "మా నాయన కూడా ఇట్టా ఆగిన మిషను చూస్తా అన్నం తిన్లేదు."

"మీ నాయన రోజుల్లో పద్ధతి లేదయ్యా."

ఆ శనివారం సర్కిల్లో ప్రేమమ్మ చెప్పకుండానే లేచి నిలబడింది. "అయ్యా, నాకు తెలవకడుగుతా. ఇంతకు ముందు ఫ్యాను చెడితే మహమూదు భాయ్ ఒక్కడే బాగుచేసేవాడు. ఇప్పుడు మీరందరూ కలిసి బాగుచేస్తన్నారు. బాగుకావటల్లా."

"ఓపిక పట్టమ్మా," అన్నాడు గోపాలకృష్ణయ్య. చెప్పటానికి ఇంకా ఏదో ఉంది గానీ మధ్యలో దగ్గొచ్చింది. అది అయ్యేటప్పటికి సర్కిలు అయిపోయింది.

నిజానికి ఆయనకే ఓపిక లేదు. రోజూ మధ్యాన్నం బయటికొచ్చి దూది బేళ్ళ మీద కూలబడి, గాజు కిటికీ అవతలున్న ఖాళీ కుర్చీని చూసేవాడు. దుమ్ములోంచి బయటపడటానికి దుమ్ముని కాపాడుతున్నానని ఒకసారి తట్టింది. తట్టగానే నీరసం వచ్చింది. ఇంక ఆ ఆలోచన మళ్ళీ పెట్టుకోలా.

ఇంట్లో రామలక్ష్మి మిరియాల కషాయం పెడతానంటే వద్దనలేదు గానీ, ఆరోజు చారులో ఉప్పు ఎక్కువైందని మాత్రం అన్నాడు.

"నన్ననమాకండి. మీ అల్లుడుగారే చెప్పారుగా, తప్పు మనిషిది కాదని," అందామె. "ఇంతకీ కుర్చీ సంగతేందో తేల్చండి. దిండు అల్మారాలో ఉండి ఉండి అణిగిపోతంది. పార్వతమ్మొదిన ఆఫీసు చూట్టానికి వస్తానంటంది."

"ఎన్నికలవ్వాలి."

"మీ కుర్చీకి కూడా ఎన్నికలా?"

ఎన్నికలయినయ్. పెద్దాయన తరఫున నిలబడ్డ ఆయన బామ్మర్ది ఓడిపోయాడు. కౌంటింగు అయిన మర్నాడే పెద్దాయన మిల్లుకి వస్తున్నాడని కబురొచ్చింది. ఊళ్ళో ఉండబుద్ధి కాక వస్తున్నాడని మహమూదు అన్నాడు.

అంబాసిడర్లోంచి ముందు పెద్దాయన దిగాడు, వెనక ఓడిపోయిన బామ్మర్ది దిగాడు. ఇద్దరి మొహాలూ వాడిపోయి ఉన్నయ్. షెడ్డులోకి రాగానే పెద్దాయన కండవా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "ఏందయ్యా ఇది, లోపల ఏం కనపడటల్లేదు!"

"అదే సమస్య మామయ్యగారూ!" అన్నాడు అల్లుడుగారు సంతోషంగా. చార్టు తగిలించాడు. చార్టు కూడా కనపళ్ళా.

గోపాలకృష్ణయ్య చెయ్యెత్తాడు. మహమూదు నిచ్చెన మీదికి ఎక్కిన తీరు చూసి తీరాల్సిందే. అన్నాళ్ళు బిగబట్టుకున్న మనిషి పది నిమిషాల పనిని అయిదింట్లో ముగించాడు. స్విచ్చి వేశారు. ఫ్యాను మూలిగి, కదిలి, అందుకుంది. షెడ్డులోని తెలుపంతా గోడ వైపుకి జరిగి జరిగి బయటికి పోయింది. ముందు జిన్నులు కనపడ్డయ్, తర్వాత మనుషులు కనపడ్డారు, ఆఖరికి ఆ చివర గోడకున్న పాత క్యాలెండరు కూడా కనపడింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎవరూ చెప్పి కొట్టించినవి కావు.

పెద్దాయన కండవా తీశాడు. "ఎన్నాళ్ళయింది ఇది ఆగిపోయి?"

అల్లుడుగారు చార్టు వంక తిరిగాడు.

"బెల్టు ఎక్కడ తెప్పించారు?"

"మన స్టోర్లోదేనండి," అన్నాడు మహమూదు, అబద్ధం తెలియక.

"స్టోర్లో పెట్టుకుని ఇన్నాళ్ళు ఏం చేశారు మరి?"

గోపాలకృష్ణయ్య కళ్ళు మూసుకున్నాడు. గుండ్రటి కుర్చీ ఒక చుట్టు తిరిగి దూరంగా పోతున్నట్టు కనపడింది. అప్పుడు ప్రేమమ్మ లేచి నిలబడింది.

"మీకు చూపిద్దామని ఆపామయ్యా."

"నాకా?"

"తమరు వచ్చేదాకా బాగుచెయ్యగూడదన్నారు. ఇన్నాళ్ళూ దుమ్ము మింగతానే ఉన్నాం."

పెద్దాయన కాసేపు ఫ్యాను వంక చూశాడు. ఆయన కోసం కాచుకున్నవాళ్ళు ఎవరూ లేరని ఫలితాలొచ్చిన దగ్గర్నించీ దిగులు పడుతున్న మనిషి. కళ్ళు చెమర్చినయ్.

"ఊళ్ళో ఇంటింటికీ తిరిగా. ఒక్కడు నా కోసం గడప దాటి రాలా," అన్నాడు. "మీరేమో నేనొచ్చేదాకా ఫ్యాను కూడా తిప్పలేదు. ఎవరయ్యా దీనికి లీడరు?"

"నేనేనండి," అన్నాడు గోపాలకృష్ణయ్య, ఇంకా నమ్మకం కుదరక.

"ఈయన దుమ్ము పడటల్లేదని ఆఫీసులోకి మార్చమన్నారు మామయ్యగారూ," అని అల్లుడుగారు అందించాడు. "మీరు సరే అంటే..."

"ఏ దుమ్ము?" అన్నాడు పెద్దాయన. చుట్టూ చూశాడు. అందరూ చుట్టూ చూశారు. దుమ్ము లేదు. "ఇంత బాగుచేసుకున్నాక ఆఫీసెందుకయ్యా నీకు? ఇట్టాంటి మనిషిని షెడ్డులోంచి తీస్తే షెడ్డు ఏమయిద్ది? నువ్వు ఇక్కడే ఉండాలి." ఆయన గోపాలకృష్ణయ్య భుజం తట్టాడు. భుజం మీంచి కొంచెం దూది లేచింది. తర్వాత బామ్మర్ది వంక తిరిగి, మెల్లగా అల్లుడితో అన్నాడు. "ఆ గుమాస్తా సీటేదో వీడికివ్వు. ఓడిపోయినవాణ్ణి ఎక్కడోచోట కూర్చోబెట్టాలిగా."

బామ్మర్ది ఆ మధ్యాన్నమే కూర్చున్నాడు. కుర్చీ ఎటు తిప్పితే అటు తిరుగుతుందని తెలుసుకుని సాయంత్రం దాకా తిరిగాడు. గాజు కిటికీలోంచి షెడ్డు ఇప్పుడు చక్కగా కనపడుతోంది.

రామలక్ష్మి సంగతి విని, అల్మారాలోంచి దిండు తీసి దులిపింది. మర్నాడు క్యారేజీతో పాటు దిండు కూడా కట్టిచ్చింది. "స్టూలు మీదన్నా వేసుకోండి. పార్వతమ్మొదిన వస్తే, సీలింగు ఫ్యాను కంటే పెద్ద ఫ్యాను ఇచ్చారని చెప్తా."

శనివారం సర్కిలు మళ్ళీ గుండ్రంగా కూర్చుంది. గోపాలకృష్ణయ్య పువ్వుల దిండు మీద కూర్చున్నాడు. గాలి బాగుంది. అయినా పాత నుసి ఇంకా లోపలే ఉందేమో, కూర్చున్నప్పటి నుంచీ దగ్గుతున్నాడు.

"మామయ్యగారికి మన సర్కిలు చానా నచ్చింది," అన్నాడు అల్లుడుగారు. "ప్రతి సీజనూ వస్తానన్నారు. వచ్చేసారి చూపించటానికి కొత్త సమస్య కావాలి. చెప్పండి."

అందరూ ఆలోచించారు. కుండ నీడలో ఉంది. ఫ్యాను తిరుగుతోంది. జిన్నులు బాగానే ఉన్నయ్. ఎంతసేపు చూసినా చెడిపోయినది ఏదీ దొరకలా. ఫ్యాను హోరు మీద ఒక్క దగ్గే వినపడుతోంది. ప్రేమమ్మ అటు తిరిగింది. మిగతా ఆడవాళ్ళూ తిరిగారు. అల్లుడుగారు నెమ్మదిగా పెన్ను మూత తీశాడు.

"కారణాలు కూడా బోలెడు దొరుకుతయ్యండీ దీనికి," అన్నాడు గోపాలకృష్ణయ్యతో, మర్యాదగా.

గోపాలకృష్ణయ్య కాదనటానికి నోరు తెరిచాడు. దగ్గొచ్చింది. రాసేసుకున్నారు.

బయటికి పోతా పోతా మహమూదు ఆయన పక్కన ఆగాడు. అన్నాళ్ళు బెల్టు మోసిన మనిషి గదా, జాలిపడ్డాడు.

"సారూ, ఇంట్లో అమ్మగారు కషాయం గట్రా ఇస్తే తాగమాకండి. పెద్దాయన వచ్చేదాకా జాగ్రత్తగా ఉంచుకోండి."