నోటికి పట్టిన మర్యాద

భోగాపురానికి దిగువన సముద్రం ఒడ్డునున్న ఆ పేటలో ఇంగ్లీషు వచ్చినవాడు జోగయ్య ఒక్కడే. వచ్చిందంటే ఎంత వచ్చిందని మాత్రం అడగకూడదు. వాల్తేరులో ఒక క్లబ్బులో ఇరవై రెండేళ్ళు బేరరుగా చేసి, మోకాళ్ళు పట్టేశాక పేటకి తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ ఒక తెల్లకోటూ, పెద్దమనుషులు ఎదురైతే ఆడాల్సిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ తెచ్చుకున్నాడు. వలలు బాగుచేసుకునే మగవాళ్ళనీ, చేపల గంపలెత్తుకుని పోయే ఆడవాళ్ళనీ ఆపి "హౌ డు యు డూ" అనేవాడు. వాళ్ళు "ఫైను, థాంక్యూ" అని నవ్వుకుంటూ పోయేవారు. కూతురు దేముడమ్మకి చిన్నప్పుడే, సెలవుకొచ్చినప్పుడల్లా ఈ ముక్కలు నేర్పాడు.

ఆ ముక్కల వెనక ఒక కథ ఉంది. క్లబ్బులో చేరిన కొత్తలో ఒక దొర "ఎలా ఉన్నావు" అని ఇంగ్లీషులో అడిగితే, పాపం, నిజంగానే అడిగాడనుకుని, తల్లికి జబ్బుగా ఉందని వచ్చీరాని భాషలో చెప్పుకున్నాడు. హెడ్ బట్లరు పది రోజులు పనిలోకి రానివ్వలేదు. "వాళ్ళు అడిగేది నీ మంచిచెడ్డలు తెలుసుకోడానికి కాదురా. ఫైన్ అను, థాంక్యూ అను, నోరు మూసుకో. నీతో పనుంటే చివర్లో ఇంకేమైనా ఉందా అని వాళ్ళే అడుగుతారు. అప్పుడు చెప్పుకో" అన్నాడు. దొరలు పోయి మనవాళ్ళొచ్చినా క్లబ్బులో ఆ పద్ధతి మారలేదు. జోగయ్య నోరూ మారలేదు.

అరవై ఎనిమిదిలో కార్తీకమాసం గాలివానకి, జోగయ్య అల్లుడు ఎర్రన్న మరో ఇద్దరితో తెప్ప మీద వెళ్ళి తిరిగి రాలేదు. గాలి తగ్గి రెండు రోజులైంది. మూడోరోజు పొద్దున్న సరుగుడు తోటలోంచి జీపు ఒకటి వచ్చింది. అందులో విశాఖపట్నం నుంచి ఆఫీసరు, వెనక సీట్లో వైర్‌లెస్సు. గాలివాన తరవాత ఒడ్డునున్న ఊళ్ళు చూసిపోతున్నాడు. నిన్ననే పక్క పేటవాళ్ళు గోడు చెప్పుకుంటే వైర్‌లెస్సులో ఒక్క మాట చెప్పి లాంచీ రప్పించాడనీ, ఆ లాంచీ ఇద్దరిని ప్రాణాలతో తెచ్చిందనీ అప్పటికే పేటంతా తెలుసు. ఆఫీసరుకి తెలుగు రాదు. డ్రైవరుదీ ఉత్తరాదే. పక్క పేటవాళ్ళ గోడు ఇంగ్లీషులో చెప్పిపెట్టిన బడిపంతులు విజయనగరం వెళ్ళిపోయాడు.

కులపెద్ద సోములు చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "జోగయ్య మావే మాటాడతాడు. నలుగురూ నాలుగు కేకలేస్తే ఆ బాబుకేటి అర్తమవుతాది. ఎవులూ నోరు మెదపొద్దు." పెద్ద ఒకరికి మాట అప్పగించాక మధ్యలో ఇంకొకరు దూరడం ఆ పేటలో లేదు. దేముడమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

జోగయ్య తెల్లకోటు తొడుక్కుని వచ్చాడు. ఇసకలో కుర్చీ వేశారు, కొబ్బరిబొండం కొట్టిచ్చారు. "గుడ్ మార్నింగ్ సార్, హౌ డు యు డూ" అన్నాడు జోగయ్య. ఆఫీసరు ముఖం వికసించింది. రెండు రోజులుగా ఊళ్ళవాళ్ళెవరితోనూ నేరుగా మాట కలవక విసిగినట్టున్నాడు, లేచి జోగయ్యకి చెయ్యి కలిపాడు. ఇరవై రెండేళ్ళలో ఎవరూ కలపని చెయ్యి అది.

ఊళ్ళో అందరూ ఎలా ఉన్నారని ఆఫీసరు ఇంగ్లీషులో అడిగాడు.

"ఫైన్ సార్, థాంక్యూ సార్."

గాలివానకి ఏమైనా ఇబ్బంది కలిగిందా అని అడిగాడు.

"నో ట్రబుల్ సార్."

అన్నాక గానీ ఏమన్నాడో జోగయ్యకి తెలియలేదు. ప్రశ్న అర్థం కాక కాదు, ప్రతి ముక్కా అర్థమైంది. క్లబ్బులో ఐసు తెమ్మన్నా, అర్ధరాత్రి దాకా నిలబెట్టినా ఆ నోరు చెప్పిన జవాబు అదొక్కటే, ఇప్పుడూ అదే చెప్పింది. ఫరవాలేదు, చివర్లో ఇంకేమైనా ఉందా అని అడుగుతాడు కదా, అప్పుడు చెప్పేద్దాం అని కాచుకుని నిలబడ్డాడు. ఇవాళ ఎండ బాగా కాసిందన్నాడు ఆఫీసరు. "వెరీ ఫైన్ సార్" అన్నాడు జోగయ్య. ఇద్దరూ నవ్వడం చూసి పేటకి ప్రాణం లేచొచ్చింది. "పనయిపోనాదే" అని దేముడమ్మ చెవిలో ఎవరో అన్నారు. ఆ పిల్ల కూడా, రెండు రోజుల తరవాత, కొంచెం నవ్వింది.

ఆఫీసరు పుస్తకంలో ఒక ముక్క రాసుకుని, బొండం కింద పెట్టి, జీపెక్కాడు. ఇంకేమైనా ఉందా అని అడగలేదు. ఎందుకడుగుతాడు, అంతా బాగుందని చెప్పాక? జీపు కదిలాక గానీ జోగయ్యకి కాళ్ళు రాలేదు. పట్టేసిన మోకాళ్ళతో ఇసకలో పడుతూ లేస్తూ, చేతులూపుతూ వెనక పరిగెత్తాడు. ఆఫీసరు వెనక్కి తిరిగి చూసి, ఎంత మర్యాదస్తుడో అనుకున్నాడు కాబోలు, తనూ చెయ్యూపాడు.

దేముడమ్మ ఎదురొచ్చింది. "లాంచీ ఎప్పుడొస్తాదన్నాడు నానా?"

"సెప్పలేదమ్మా."

"ఆయన సెప్పలేదా, నువ్వు సెప్పలేదా?"

జోగయ్య ఇసకలో కూలబడ్డాడు. "నేనేనమ్మా. నా నోరు నా మాట ఇనలేదు."

సోములు ఇద్దరు కుర్రాళ్ళని భోగాపురం తరిమాడు, టెలిగ్రాము ఇమ్మని. లాంచీ మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది, సాయంత్రానికి తెప్పని ఈడ్చుకొచ్చింది. ఎర్రన్న తాడుతో నడుముని తెప్పకి కట్టేసుకుని ఉన్నాడు. మిగతా ఇద్దరూ లేరు. సోములు శవాన్ని పట్టి చూశాడు. చావులు చూసి చూసి ఉన్నవాడు. "రాత్రి పోనాడు. నిన్న పగలంతా బతికే ఉన్నాడు" అని పైకే అన్నాడు. అనకుండా ఉండాల్సింది.

పేటలో ఎవరూ జోగయ్యని తిట్టలేదు, తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు. తెల్లకోటు పొయ్యిలో పెట్టాడు. దేముడమ్మ అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది, మాట మాత్రం లేదు. నోరు మాట వినకపోవడమేమిటి, అది ఒట్టి అబద్ధమని ఆమె నమ్మకం. చెయ్యి కలిపేసరికి మురిసిపోయి అల్లుణ్ణి మరిచిపోయాడని మనసులో కుళ్ళిపోయేది.

మాఘమాసంలో ఒక పొద్దున్న జోగయ్య అరుగు మీద వల కుడుతున్నాడు. దేముడమ్మ గంప దించి, ఎదురుగా వచ్చి నిలబడి, మూడు నెలల తరవాత మొదటిసారి తండ్రితో మాట్లాడింది.

"హౌ డు యు డూ, నానా?"

"ఫైన్, థాంక్యూ" అన్నాడు జోగయ్య, తల ఎత్తేలోపే.

సూది చేతిలోంచి జారిపోయింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. నోరు మాత్రం, పెద్దమనుషుల ముందు ఉన్నట్టు, ఇంకా నవ్వుతూనే ఉంది. దేముడమ్మ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నువ్వన్నది నిజమే నానా" అంది. గంప ఎత్తుకుని సంతకి పోయింది.