ముస్తాబు చేసిన రోగి

అమెరికాలో బాతెల్ ఊరి తెలుగు పిల్లలకి ఉమాకాంత్ అంటే ఎలుగుబంటి అంకుల్. పెరట్లోకి వచ్చిన ఎలుగుబంటిని చీపురుతో తరిమానని చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఎలుగుబంటి ఓ అడుగు పెరిగేది, చీపురు ఓ జానెడు తగ్గేది. అంతటి వీరుడు ఆ ఉదయం, ఫైలు పట్టుకుని రాబోయే ఒక నర్సుకి భయపడి గుక్కెడు కాఫీ మింగలేకపోయాడు.

నిరుడు స్ట్రోక్ వచ్చి ఎడమ పక్క పడిపోయింది. లేపడం, స్నానం, బట్టలు అన్నీ భార్య గౌరే. మొన్న ఆమె నడుమూ పట్టేసింది. ఉద్యోగంలో ఉండగా ప్రతి జీతంలోంచీ తప్పనిసరిగా కోసుకున్న ఇన్సూరెన్స్ ఒకటుంది. ఇలాంటి మూడు పనుల్లో సాయం కావాలని వాళ్ళ నర్సు రాస్తేనే దాని కింద ఇంటికి సాయం మనిషి వస్తుంది. రాయకపోతే మంచాన పడ్డవాళ్ళని ఉంచే నర్సింగ్ హోమే. అక్కడ చారన్నం ఉండదు, తెలుగు మాట ఉండదు, గౌరి ఉండదు.

ఇంత తెలిసీ గౌరి, ఇంటికి ఎవరో వస్తున్నారు కదా అని, ఆయనకి గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, సెంటు కొట్టి పెళ్ళిపెద్దలా కూర్చోబెట్టింది. వీల్‌చెయిర్ గరాజ్‌లో దాచేసింది.

నర్సు వచ్చి ఎలా ఉన్నారంది. ఎవరడిగినా బాగున్నామనడం గౌరికి నలభై ఏళ్ళ అలవాటు. ఆయన బట్టలు ఆయనే వేసుకుంటారని కూడా చెప్పేసింది. నర్సు సాయం అక్కర్లేదన్న చోట ఒక టిక్కు పెట్టింది.

లేచి నిలబడగలరా అని అడిగిందావిడ. భయానికో, పరువుకో, నాలుగు నెలలుగా తనంతట తాను లేవని మనిషి బల్ల పట్టుకుని లేచేశాడు! రెండో టిక్కు. అప్పుడు మోకాళ్ళు వణకడం మొదలైంది. గౌరి చటుక్కున దగ్గరికొచ్చింది.

"గౌరీ, పట్టుకోకు."

"పడిపోతారండీ."

"పడనీ. నువ్వు పట్టుకుంటే నేను బాగున్నాననే రాసుకుంటుంది. ఆవిణ్ణి చూడనీ."

కుప్పలా కార్పెట్ మీద పడ్డాడు. ప్యాంటు తడిసింది. గౌరి కొంగు అడ్డం పెట్టబోతే కుడిచేత్తో ఆ కొంగు పక్కకి తోశాడు.

నర్సు ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. దెబ్బ తగల్లేదని చూసుకుని, రెండు టిక్కులూ కొట్టేసి, స్నానం ఎవరు చేయిస్తారని మెల్లగా అడిగింది.

"షీ డజ్ ఎవ్రీథింగ్," అన్నాడు ఉమాకాంత్. "హర్ బ్యాక్ ఈజ్ గాన్."

నర్సు కాగితం తిప్పింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ మూడు పనులూ రాస్తుందా అని ఆవిడ పెన్ను వైపే చూస్తున్నారు.